ధార బాగానే వస్తోంది, అయినా మోటారు వేడెక్కుతోంది: ఔట్‌బోర్డ్ కూలింగ్ రిపేరు డైరీ

శనివారం: లక్షణాలు

పడవ వెనక తగిలించే ఔట్‌బోర్డ్ మోటారు ఇది, 40 హెచ్‌పీ, మూడు సిలిండర్ల టూ స్ట్రోక్, పాతది, మొదటినుంచీ ఉప్పునీళ్లలోనే తిరిగింది. పక్కనుంచి బయటికి కొట్టే నీటి ధార, అదే టెల్‌టేల్, మెల్లమెల్లగా సన్నబడుతూ వచ్చి ఇప్పుడు ఐడ్లింగ్‌లో చుక్కలు చుక్కలుగా కారుతోంది. రేజ్ చేస్తే కాస్త పుంజుకుంటుంది. కానీ ఫుల్ థ్రాటిల్‌లో కాసేపు పోయామో లేదో ఓవర్‌హీట్ బజర్ మోగుతుంది, మోటారు తనంతట తానే స్పీడు తగ్గించేసుకుంటుంది. అక్కడినుంచి ఒడ్డుకు నడక వేగంతో రావాల్సిందే.

ఇలాంటప్పుడు ఎవర్నడిగినా ఒకటే మాట, ఇంపెల్లర్ (నీళ్లు తోడే పంపులోని రెక్కల చక్రం) మార్చెయ్. ఇంపెల్లర్ మీద మొదటి అనుమానం రావడం సహజమే, నేనూ కాదనను. కాకపోతే కొత్తది వేశాక ధార జోరుగా వస్తే చాలు పని అయిపోయిందని మూత పెట్టేయడం దగ్గరే నాకు అభ్యంతరం. పంపు నీళ్లు తోడుతోందని, ఆ సన్న గొట్టం మూసుకుపోలేదని మాత్రమే ధార చెబుతుంది. సిలిండర్ల చుట్టూ తిరగాల్సిన నీళ్లు తిరుగుతున్నాయా లేదా అన్నది దాన్ని చూసి చెప్పలేం. అందుకే ఈసారి నీటి దారిని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కనీ విడిగా చూసుకుంటూ, ప్రతి మార్పుకీ ముందూ వెనకా టెంపరేచర్ రాసుకుంటూ పోదామనుకున్నాను. అన్నీ ఒకేసారి మార్చేస్తే మోటారు బాగుపడొచ్చు గానీ దేనివల్ల పాడైందో మాత్రం తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మళ్లీ మొదటికే.

నీళ్లు వెళ్లే దారి ఇలా ఉంటుంది. ప్రొపెల్లర్‌కి కాస్త ముందు, గేర్‌కేస్‌కి రెండు పక్కలా జాలీలు ఉంటాయి, నీళ్లు లోపలికి వచ్చేది అక్కడినుంచే. గేర్‌కేస్ పైన డ్రైవ్ షాఫ్ట్‌కి తొడిగిన రబ్బరు ఇంపెల్లర్ వాటిని లాగి, నిలువుగా ఉండే గొట్టంలోంచి పైకి తోస్తుంది. పైన ముందుగా ఎగ్జాస్ట్ చుట్టూ ఉండే కాలువలు, తర్వాత సిలిండర్ బ్లాకు, తర్వాత హెడ్డు, అంటే సిలిండర్ల మూత, చివర్న థర్మోస్టాట్, అంటే నీళ్ల వేడిని బట్టి తెరుచుకునే వాల్వు. అది దాటాక నీళ్లు మోటారు కాలు లోపలినుంచి కిందికి దిగి, పొగతో పాటు బయటికి పోతాయి. నా మోటారులో టెల్‌టేల్ గొట్టం ఎగ్జాస్ట్ కవర్ దగ్గరే చీలిపోతుంది, అంటే నీళ్లు హెడ్డు ముఖం చూడకముందే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద రాసినవన్నీ ఎందుకు చేశానో అర్థమవుతుంది. అన్ని మోటార్లలోనూ ఇలాగే ఉండదు. కొన్నింటిలో బ్లాకు పైభాగంనుంచి తీస్తారు. మీ మోటారు సర్వీస్ మాన్యువల్‌లో నీటి దారి బొమ్మ ఉంటుంది, స్పానర్ పట్టుకునే ముందు ఆ పేజీ చూడండి.

అదే సాయంత్రం: విప్పకుండా చూడగలిగినవి

జాలీలు చూశాను. ఒక పక్క రెండు గళ్లలో చిన్న గవ్వలు అతుక్కుని ఉన్నాయి, మిగతావి బాగానే ఉన్నాయి. గీకేశాను. నాచు, ప్లాస్టిక్ కవరు ముక్క, ఇలాంటివి పట్టినా ఇవే లక్షణాలు వస్తాయి కాబట్టి ఇది ఒక నిమిషం పనే అయినా మొదట చేయాల్సిన పని.

మోటారు ఎత్తు కూడా చూశాను. ప్రొపెల్లర్ పైన అడ్డంగా ఉండే పలక పడవ అడుగుకి దాదాపు సమానంగా ఉండాలి. మోటారు అంతకన్నా బాగా పైకి బిగించి ఉన్నా, ట్రిమ్ (మోటారు వంపు) ఎక్కువ లేపినా, స్పీడులో జాలీలకు నీళ్లకు బదులు గాలి తగులుతుంది. నాది సరిగ్గానే ఉంది.

తర్వాత టెల్‌టేల్ గొట్టం. దీన్ని పైనుంచి, కిందనుంచి రెండు వైపులా ఊడదీసి, గడ్డి కోసే మెషీన్‌లో వాడే నైలాన్ తీగతో పొడిచాను. ముక్కు దగ్గర ఇసుక, ఉప్పు కలిసి గట్టిపడిన బిరడా ఒకటి ఊడివచ్చింది. కొందరు గొట్టం ఊడదీయకుండా బయటి ముక్కు దగ్గర కంప్రెసర్ గాలి పెట్టి కొడతారు. అది వద్దు. చెత్త వచ్చిన దారినే వెనక్కి వెళ్లి బ్లాకులో ఇంకా ఇరుకైన చోట కూర్చుంటుంది.

ఇది శుభ్రం చేశాక ధార కొంచెం మెరుగైంది. కొంచెమే.

ఆదివారం: మొదటి రీడింగులు

ఏదైనా మార్చే ముందు ఇప్పుడు ఎంత వేడుందో రాసి పెట్టుకోవాలి. అందుకు పెద్ద డ్రమ్ములో నీళ్లు నింపి మోటారు కాలు అందులో దించాను. ప్రొపెల్లర్ తీసేశాను. నీళ్లు ఆ అడ్డ పలకకి పైన ఉండాలి, లేకపోతే పంపు మునగదు. ఆరుబయటే చేయాలి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, షెడ్డులో ఎంత తలుపులు తీసి పెట్టినా ప్రమాదమే. డ్రమ్ములో నీళ్లు త్వరగా వేడెక్కుతాయి, పొగ బుడగలు కూడా అందులోకే వస్తాయి కాబట్టి ఒక పక్కనుంచి ట్యూబుతో చల్లటి నీళ్లు వదులుతూనే ఉండాలి.

జాలీలకు తగిలించే రబ్బరు కప్పులు వాడొచ్చు కదా అని తమ్ముడు అడిగాడు. ఇంజిన్ కడగడానికి అవి బాగుంటాయి, కానీ పంపుని పరీక్షించడానికి వాటిని నమ్మను. కుళాయి ప్రెషరే నీళ్లని కొంత పైకి తోసేస్తుంది, అరిగిపోయిన ఇంపెల్లర్‌తో కూడా ధార ముచ్చటగా కనిపిస్తుంది. డ్రమ్ములో అయితే పంపు తన బలంతోనే లాగాలి.

టెంపరేచర్‌కి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్. మెరిసే అల్యూమినియం మీద నేరుగా పెడితే అసలు కంటే బాగా తక్కువ చూపిస్తుంది. అందుకని హెడ్డు మీద ఒక్కో సిలిండర్ దగ్గర చిన్న మాస్కింగ్ టేపు ముక్క అంటించి, దాన్ని మార్కర్‌తో నల్లగా నింపి, ప్రతిసారీ అదే మచ్చ మీద, అంతే దూరంనుంచి రీడింగ్ తీశాను. ఐడ్లింగ్‌లో కుదురుకున్నాక:

పై సిలిండర్ 84 డిగ్రీలు. మధ్యది 71. కిందది 62.

ఈ మూడు అంకెలే నన్ను ఎక్కువగా ఆలోచింపజేశాయి. పంపు ఒక్కటే బలహీనమైతే మూడూ దాదాపు కలిసి పెరగాలి, పైది కాస్త ఎక్కువుంటే ఉండొచ్చు. ఔట్‌బోర్డ్‌లో క్రాంక్ షాఫ్ట్ నిలువుగా ఉంటుంది, సిలిండర్లు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, పైదానికి నీళ్లు చివర్న అందుతాయి, ఆవిరి, గాలి చేరేది కూడా అక్కడే. కానీ 22 డిగ్రీల తేడా అంటే పై దారిలో ఎక్కడో ఏదో అడ్డుంది.

హెడ్ గాస్కెట్ (హెడ్డుకీ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయిందేమోనన్న అనుమానం తీర్చుకోవడానికి స్పార్క్ ప్లగ్గులు తీసి కంప్రెషన్ చూశాను. 118, 120, 117 పీఎస్‌ఐ. మూడూ సమానంగా ఉన్నాయి. ప్లగ్గుల మీద నీటి మచ్చ లేదు, ధారలో బుడగలు లేవు, ఉండుండి ఆవిరి చిమ్మడమూ లేదు. గాస్కెట్ పోతే సాధారణంగా ఇందులో ఏదో ఒకటి కనపడుతుంది. అంటే ఇప్పట్లో హెడ్డు విప్పే పని లేదు. ఉప్పునీళ్లలో ఇన్నేళ్లున్న హెడ్డు బోల్టుల జోలికి అవసరం లేకుండా పోవడం నాకు ఇష్టం లేదు.

బజర్ కూడా చూసేశాను. టెంపరేచర్ స్విచ్చి వైరుని ఇంజిన్ బాడీకి తాకిస్తే మోగింది. వైరింగు బాగానే ఉంది.

వారం మధ్యలో: లోయర్ యూనిట్ (కాలు కింది భాగం) కిందికి

బ్యాటరీ వైరు తీసి, ప్లగ్గు క్యాపులు ఊడదీసి, కిల్ స్విచ్చి తాడు జేబులో వేసుకున్నాక గానీ కాలు దగ్గరికి వెళ్లలేదు.

ట్రిమ్ ట్యాబ్ (అడ్డ పలక కింద ఉండే చిన్న రెక్క) ఏ కోణంలో ఉందో మార్కర్‌తో గీత గీసి ఉంచాను, తిరిగి అదే కోణంలో పెట్టకపోతే హ్యాండిల్ ఒక పక్కకి లాగుతుంది. దాన్ని తీస్తే లోపల దాక్కున్న బోల్టు ఒకటి కనిపిస్తుంది, చాలా మోటార్లలో ఉంటుంది, అది చూసుకోకుండా కింది భాగాన్ని సుత్తితో కొట్టి పగలగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. గేరు రాడ్ విడదీసే ముందు లీవర్ ఏ గేర్లో ఉండాలన్నది మోటారుని బట్టి మారుతుంది, నాది న్యూట్రల్.

బోల్టుల సంగతి. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు, అల్యూమినియం బాడీ, మధ్యలో ఉప్పునీళ్లు, ఈ మూడూ కలిస్తే అల్యూమినియం తినుకుపోయి తెల్లటి పొడి అవుతుంది, ఆ పొడే బోల్టుని బిగించి పట్టుకుంటుంది. ముందు రోజు రాత్రే పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి వదిలేశాను. పొద్దున హీట్ గన్‌తో బోల్టు చుట్టూ ఉన్న అల్యూమినియంని వేడి చేసి, తల మీద చిన్నగా రెండు దెబ్బలు వేసి, విప్పే ముందు ఒక్క వెంట్రుకవాసి బిగించే వైపు తిప్పాను. ఆ చిన్న చిటుక్కు శబ్దం వస్తే సగం పని అయినట్టే. ఒక బోల్టు మాత్రం మొండికేసింది. తిప్పడం, ఆపడం, ఆయిల్, మళ్లీ వేడి, ఇలా సాయంత్రం దాకా ఆడించి ఆడించి తీశాం. బలం పెడితే తల తెగుతుంది, ఆ తర్వాత డ్రిల్లు పెట్టి తీసే బాధకన్నా ఈ ఆలస్యం నయం.

పంపు హౌసింగ్ ఎత్తగానే ఇంపెల్లర్ పరిస్థితి తెలిసింది. ఆరు రెక్కలూ ఉన్నాయి, ఒక్కటీ తెగలేదు. కానీ అన్నీ ఒకే వైపు వంగిపోయి అలాగే బిగుసుకున్నాయి, బయటికి తీసి బల్ల మీద పెట్టినా నిటారుగా రాలేదు. రెక్క మొదట్లో, హబ్బుకి అతుక్కునే చోట, వంచి చూస్తే సన్నటి పగుళ్లు. కింది స్టీలు పలక మీద గుండ్రటి గాడి, గోరు పెట్టి లాగితే టక్కున తగులుతోంది. గోరుకి తగిలేంత గాడి ఉందంటే రెక్కకీ పలకకీ మధ్య నీళ్లు జారిపోతున్నట్టే, పలక మార్చాలి. పైన స్టీలు కప్పు లోపలివైపు కూడా అలాంటి గీతలే.

ఐడ్లింగ్‌లో ధార చచ్చిపోయి, రేజ్ చేస్తే పుంజుకోవడానికి కారణం ఇదే. తక్కువ స్పీడులో రెక్కలు కప్పు గోడలకి ఆనుకుని, ఒక్కో గదిలో పట్టినన్ని నీళ్లని అలాగే నెట్టుకుపోతాయి, కాబట్టి సందు లేకుండా ఆనడం ముఖ్యం. స్పీడు పెరిగేకొద్దీ నీటి ఒత్తిడికి రెక్కలు లోపలికి ముడుచుకుని, అప్పుడది మామూలు సెంట్రిఫ్యూగల్ పంపులా విసరడం మొదలుపెడుతుంది. అక్కడ సందు ఉన్నా కొంత నడిచిపోతుంది.

ఇంపెల్లర్ ఒక్కటే కాకుండా మొత్తం కిట్ వేశాను. కప్పు, పలక, గాస్కెట్లు, అర్ధచంద్రాకారపు కీ, పై గొట్టం కూర్చునే రబ్బరు గ్రొమెట్, అన్నీ. రెక్కలకి పెట్రోలియం గ్రీజు రాయకూడదు, రబ్బరుని ఉబ్బిస్తుంది. గిన్నెలు తోమే లిక్విడ్ సోపు రాసి, షాఫ్ట్‌ని పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ హౌసింగ్‌ని మెల్లగా కిందికి నొక్కితే రెక్కలు వాటంతట అవే సరైన వైపు మడుచుకుంటాయి. కీ జారి పడిపోయిందేమో చివర్లో ఇంకోసారి చూసుకోండి. కీ లేకపోతే షాఫ్ట్ తిరుగుతుంది, ఇంపెల్లర్ మాత్రం తిరగదు.

తిరిగి ఎక్కించేటప్పుడు కష్టమంతా నిలువు గొట్టం కొస గ్రొమెట్‌లో సూటిగా దిగడంలోనే ఉంది. చేతులు రెండూ బరువు మోస్తుంటే కన్ను అక్కడికి పోదు. తమ్ముడు టార్చి పట్టుకుని పడుకున్నాడు.

"ఎడమకి అన్నయ్యా... ఇంకొంచెం... ఆగు ఆగు, గొట్టం పక్కకి తన్నింది."

"దిగిందా?"

"ఇప్పుడు దిగింది. ఎత్తు."

గొట్టం పక్కకి దిగితే పంపు తోడిన నీళ్లలో సగం కాలు లోపలే కారిపోతాయి, పైన ఎంత వెతికినా కారణం దొరకదు. షాఫ్ట్ స్ప్లైన్లకి (కొస దగ్గరి పళ్లకి) పక్కల గ్రీజు రాశాను గానీ కొస మీద పెట్టలేదు. కొస మీద గ్రీజు ముద్ద ఉంటే అది పైన గుంతలో ఇరుక్కుని షాఫ్ట్‌ని పూర్తిగా కూర్చోనివ్వదు. ప్రతి బోల్టుకీ మెరైన్ గ్రీజు.

మళ్లీ డ్రమ్ము

ధార అద్భుతం. ఐడ్లింగ్‌లోనే చెయ్యి పెడితే వేళ్లని తోసేంత బలంగా కొడుతోంది. తమ్ముడి మొహం వెలిగిపోయింది, "అయిపోయింది కదా అన్నయ్యా" అన్నాడు.

రీడింగులు: పైది 79, మధ్యది 66, కిందది 58.

మూడూ తగ్గాయి, పంపు నిజంగానే బలహీనంగా ఉండేదని తేలింది. కానీ పై సిలిండర్‌కీ కింది సిలిండర్‌కీ తేడా 22 నుంచి 21 అయింది, అంతే. ధారని చూసి మూత బిగించేసి ఉంటే ఈ మోటారు మళ్లీ నడి నీళ్లలో బజర్ కొట్టేది, ఈసారి ఇంపెల్లర్ కొత్తది కదా అన్న ధీమాతో ఇంకాస్త దూరం కూడా పోయి ఉండేవాళ్లం. టూ స్ట్రోక్‌లో పిస్టన్ పట్టేయడానికి పెద్దగా టైమ్ పట్టదు.

శనివారం: థర్మోస్టాట్

థర్మోస్టాట్ కవర్ బోల్టులు 6 ఎంఎంవి, సన్నవి, తెగిపోవడంలో పేరుమోసినవి. కాలు బోల్టుల దగ్గర పడిన ఓపికే ఇక్కడా పడ్డాను. అన్నీ వచ్చాయి.

కవర్ లోపల చూసి నాకే ఆశ్చర్యం వేసింది. థర్మోస్టాట్ కూర్చునే గుంత చుట్టూ తెల్లగా, గరుకుగా గార. నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునేదాని లాంటిదే, కాకపోతే ఇంకా మందం. స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే బిస్కెట్లలా పెచ్చులు లేస్తున్నాయి. థర్మోస్టాట్ వాల్వు అంచు మీద కూడా అదే, ఒక పక్క మందంగా, ఇంకో పక్క పలచగా.

సముద్రపు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీళ్లు వేడెక్కేకొద్దీ గారగా బయటపడతాయి, 60 డిగ్రీలు దాటాక ఇది ఇంకా జోరందుకుంటుంది. కారు ఇంజిన్లో థర్మోస్టాట్ 80, 90 దగ్గర తెరుచుకుంటే, ఔట్‌బోర్డ్‌ది 50, 60 మధ్య తెరుచుకునేలా పెట్టడానికి ముఖ్యకారణం ఇదే. అంటే ఒకసారి నీటి దారి కాస్త మూసుకుని వేడి పెరిగిందంటే, ఆ వేడికి ఇంకొంత గార, ఆ గారకి ఇంకాస్త వేడి. ఎవరూ చూడకపోతే అది తనంతట తానే పెరుగుతూ పోతుంది.

పరీక్ష చాలా సులువు. థర్మోస్టాట్ వాల్వు సందులో దారం ఇరికించి, ఆ దారంతోనే నీళ్ల గిన్నెలో అడుగుకి తగలకుండా వేలాడదీయాలి, పక్కన థర్మామీటర్. నీళ్లు మెల్లగా వేడి చేస్తుంటే వాల్వు తెరుచుకున్న క్షణాన దారం జారి థర్మోస్టాట్ కింద పడిపోతుంది. మాన్యువల్ ప్రకారం నాది 50 దగ్గర మొదలై 60కి పూర్తిగా తెరుచుకోవాలి. పాతది 50 దాటింది, 60 దాటింది, 70 దాటింది, దారానికి వేలాడుతూనే ఉంది. 78 దగ్గర పడింది. తీసి చూస్తే తెరుచుకున్నది బియ్యపు గింజ పట్టేంత. చల్లారాక పూర్తిగా మూసుకోనూ లేదు. కొత్తదాన్ని కూడా వేసేముందు ఇదే గిన్నెలో పరీక్షించాను, 51కి పడింది, 60కి నోరు పూర్తిగా తెరిచింది. కొత్తది కదా అని పరీక్షించకుండా వేయడం నాకు నచ్చదు, పది నిమిషాల పని.

దాని పక్కనే స్ప్రింగుతో ఉండే ప్రెషర్ వాల్వు కూడా చూశాను. స్పీడు పెరిగి పంపు ఒత్తిడి ఎక్కువైనప్పుడు ఇది తెరుచుకుని, థర్మోస్టాట్‌తో సంబంధం లేకుండా బ్లాకులోంచి ఎక్కువ నీళ్లు పారేలా చేస్తుంది. నాది గారతో సీటుకి అతుక్కుపోయింది, వేలితో నొక్కితే కదల్లేదు. ఫుల్ థ్రాటిల్‌లోనే బజర్ మోగడానికి ఇది గట్టి కారణం. ఇదే వాల్వు తెరుచుకుని ఇరుక్కుంటే తిరగబడుతుంది, ఐడ్లింగ్‌లో ఇంజిన్ వేడెక్కాల్సినంత వేడెక్కదు. శుభ్రం చేశాక స్ప్రింగు బాగానే పనిచేస్తోంది, సీటు రబ్బరు మాత్రం మార్చాను.

బ్లాకు పక్కన చిన్న మూత కింద లోపలి యానోడ్ ఉంటుంది. మూత విప్పితే బోల్టు వచ్చింది, దానికి ఉండాల్సిన జింకు లేదు. బూడిద రంగు రవ్వలు మాత్రం కాస్త కారాయి. బ్లాకుకి బదులు తాను కరిగిపోవడమే దాని పని, చేసింది. కానీ పూర్తిగా అయిపోయాక మిగిలేది బ్లాకే. పైగా ఆ రవ్వలు పోయేది ఈ ఇరుకు దారుల్లోకే. కొత్తది వేశాను. యానోడ్‌కి పెయింటు గానీ గ్రీజు గానీ తగలకూడదు, లోహానికి లోహం ఆనాలి.

ఆదివారం: వెనక్కి కడగడం

థర్మోస్టాట్ గుంతలోంచి ట్యూబుతో నీళ్లు పెట్టి, మామూలు దిశకి వ్యతిరేకంగా కిందికి తోలితే లోపల ఇరుక్కున్నది వచ్చిన దారినే బయటికి రావాలి. పంపు అడ్డు ఉండకూడదు కాబట్టి లోయర్ యూనిట్ మళ్లీ దించాం. మొన్న రాసిన గ్రీజు పుణ్యమా అని బోల్టులన్నీ చేతి వేళ్లతోనే తిరిగాయి.

మొదట నిలువు గొట్టం కొసనుంచి సన్నటి ధార, గోధుమ రంగులో. తర్వాత తెల్లటి పెచ్చులు. ట్యూబుని నొక్కి వదిలి, నొక్కి వదిలి, ఒత్తిడి కొట్టుకునేలా చేస్తూ ఉన్నాను. ఉన్నట్టుండి ధార లావైంది, కింద పెట్టిన జల్లెడలో ఏదో టప్పున పడింది.

రబ్బరు ముక్క. బొటనవేలి గోరంత ఉంది, ఒక అంచు నున్నగా, ఇంకో అంచు చింపినట్టు. ఇంపెల్లర్ రెక్క ముక్క. నేను తీసిన ఇంపెల్లర్‌కి ఆరు రెక్కలూ పూర్తిగా ఉన్నాయి, పక్కన పెట్టి మళ్లీ సరిచూశాను. అంటే ఇది దానికి ముందున్న ఇంపెల్లర్‌ది. ఎప్పుడో రెక్క తెగింది, ఎవరో కొత్త ఇంపెల్లర్ వేశారు, ధార బాగా వచ్చింది, తెగిన ముక్క ఎక్కడికి పోయిందని ఎవరూ వెతకలేదు. అది పై సిలిండర్ దారిలో అడ్డంపడి ఉంది, దాని వెనక గార పేరుకుంటూ వచ్చింది. తెగిన రెక్కలున్న ఇంపెల్లర్ మీ చేతికి వస్తే ముక్కలన్నీ బల్ల మీద పేర్చి, పూర్తి రెక్కలు అయ్యేదాకా వెతకండి. దొరకని ముక్క ఇంజిన్లోనే ఉండొచ్చు.

తర్వాత గార. ఉప్పు ఒక్కటే అయితే గోరువెచ్చటి మంచినీళ్లకే కరుగుతుంది. గార కరగదు, దానికి ఆమ్లం కావాలి. మామూలు తెల్ల వెనిగర్ వాడాను. బాత్రూమ్ కడిగే యాసిడ్ లాంటివి ఎంత తొందరలో ఉన్నా వద్దు, హైడ్రోక్లోరిక్ యాసిడ్ గారతో పాటు అల్యూమినియంని కూడా తినేస్తుంది.

మోటారు కింద తొట్టి పెట్టి, వెనిగర్ పోసి, నీళ్లలో మునిగే చిన్న పంపుతో నిలువు గొట్టం కొసలోకి పంపాను. థర్మోస్టాట్ లేకుండా కవర్ మాత్రం బిగించాను కాబట్టి వెనిగర్ పైకెక్కి, బ్లాకు అంతా తిరిగి, కాలు లోపలినుంచి మళ్లీ అదే తొట్టిలో పడుతోంది. పంపు నోటికి గుడ్డ కట్టాను, లేకపోతే ఊడివచ్చిన పెచ్చులు మళ్లీ పైకెక్కుతాయి. మొదట్లో తొట్టినిండా నురగ, గార కరుగుతున్నప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ బుడగలు. నురగ తగ్గేదాకా నడిపి, వెనిగర్ మార్చి ఇంకోసారి. రెండోసారి నురగ బాగా తక్కువ. రాత్రంతా వదిలేయడం మంచిది కాదు, వెనిగర్ కూడా ఆమ్లమే. వెంటనే మంచినీళ్లతో బాగా కడిగేశాను.

బిగించాక

డ్రమ్ములో, ఐడ్లింగ్‌లో, అవే టేపు మచ్చల మీద: పైది 58, మధ్యది 56, కిందది 55.

మూడు డిగ్రీల తేడా. ధారలో మాత్రం ఇంపెల్లర్ మార్చిన రోజుకీ ఇప్పటికీ కంటికి కనిపించే తేడా ఏమీ లేదు. ఈ డైరీ రాయడానికి కారణం ఈ వాక్యమే.

వేడెక్కుతున్నప్పుడు ఇంకోటి గమనించాను. పై మచ్చ మీద రీడింగ్ 50 దాటి మెల్లగా ఎక్కుతూ 59 దాకా పోయి, అక్కడినుంచి ఒకటి రెండు డిగ్రీలు దిగి నిలబడింది. అది థర్మోస్టాట్ తెరుచుకోవడం. పాతది ఉన్నప్పుడు ఈ దిగడం ఎప్పుడూ కనిపించలేదు, ఎక్కుతూనే పోయేది.

నీళ్ల మీద

తమ్ముడు హ్యాండిల్, నేను పై మూత తీసి థర్మామీటర్‌తో వెనక. ఫ్లైవీల్ తిరుగుతూ ఉంటుంది, వదులు బట్టలు, తాళ్లు దాని దగ్గరికి రానివ్వకూడదు.

సగం థ్రాటిల్‌లో మూడూ 54, 55. ఫుల్ థ్రాటిల్‌లో పైది 51, కిందది 48. స్పీడు పెరిగితే టెంపరేచర్ తగ్గడం చూసి తమ్ముడు థర్మామీటర్ పాడైందనుకున్నాడు. ప్రెషర్ వాల్వు తెరుచుకుంటే అలాగే తగ్గుతుంది, వాల్వు పనిచేస్తోందనడానికి అదే గుర్తు. బజర్ మోగేదాకా పట్టే టైముకి ఎన్నో రెట్లు అలాగే నడిపాం, బజర్ మోగలేదు, రీడింగులు కదల్లేదు.

ఫుల్ స్పీడులోంచి వచ్చి టక్కున ఆపేస్తే ఏమవుతుందో కూడా కావాలనే చూశాను. 51 ఉన్నది కాసేపట్లో 67కి ఎక్కింది. నీళ్లు ఆగిపోతాయి, లోహంలో ఉన్న వేడి మాత్రం అక్కడే ఉంటుంది, లోపల మిగిలిన నీళ్లు ఆ వేడికే గార వదులుతాయి. అందుకని ఇకమీదట ఒడ్డుకి వచ్చేటప్పుడు కొన్ని నిమిషాలు నెమ్మదిగా నడిపి, తర్వాతే ఆపడం.

మంచినీళ్లతో కడగడంలోనూ ఒక మార్పు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రెండు నిమిషాలు కడిగి ఆపేస్తే థర్మోస్టాట్ మూసుకునే ఉంటుంది, మంచినీళ్లు హెడ్డు దాకా సరిగ్గా చేరవు. హెడ్డు మీద రీడింగ్ ఎక్కి ఒకటి రెండు డిగ్రీలు దిగేదాకా, అంటే థర్మోస్టాట్ తెరుచుకునేదాకా నడిపి, ఆ తర్వాత ఇంకొన్ని నిమిషాలు కడగాలి. ఇన్నాళ్లూ పేరుకున్నదంతా ఇలా కడగకపోవడం వల్లే అని అనలేను గానీ అందులో దీని వాటా ఉంటుంది.

మిగిలిన పనులు: గేర్ ఆయిల్ తీసి చూశాను, పాల రంగు లేదు, అంటే సీళ్ల దగ్గర నీళ్లు చొరబడటం లేదు, కొత్తది పోసేశాను. పాత థర్మోస్టాట్ కవర్ అంచు తినుకుపోయి గుంతలు పడింది, ఎమరీ పేపర్‌తో సమం చేసి కొత్త గాస్కెట్‌తో ప్రస్తుతానికి బిగించాను, లీకు లేదు, కానీ కొత్త కవర్ ఆర్డర్ పెట్టాను. లోపలి యానోడ్‌ని ఈ సీజన్ మధ్యలో ఒకసారి తీసి ఎంత కరిగిందో చూస్తాను. ఇంపెల్లర్‌ని 100 గంటలకో ఏడాదికో, ఏది ముందైతే అప్పుడు తీసి చూడటం. టేపు మచ్చలు ఊడిపోతున్నాయి కాబట్టి వాటి స్థానంలో వేడికి తట్టుకునే నల్ల పెయింటుతో మూడు చుక్కలు పెట్టాను, మూత లోపలివైపు ఈ రీడింగులు రాసి అంటించాను. కొత్త కవర్ వచ్చాక మళ్లీ తీసి ఇక్కడ రాస్తాను.